పైన పెట్టే కామా

ఫిలింనగర్,
2023 జూన్ 11.

అక్కా,

కిందటి ఉత్తరంలో నీ మోకాలి సంగతి రాయలేదు. ఈసారి మర్చిపోకు.

ఇవాళ ఆదివారం. రహమత్ నగర్ గదిలో వీధి గోల పడలేక, స్టూడియో వెనక టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మంచి కబురు. నా కథ ఒకటి తీసుకున్నారు. ఎవరి పేరు మీదో నేను రాసిపెట్టే డైలాగులు కాదు. మొదటినుంచి చివరిదాకా నాదే అయిన కథ. ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

డైరెక్టరు పేరు విహారి. ముప్ఫై దాటి ఉండవు. జూబ్లీ హిల్స్‌లో వాళ్ళ నాన్నగారి ఇంటి కింది అంతస్తునే ఆఫీసు చేసుకున్నాడు. రెండు గంటలు కథ చెప్పాను. అయ్యాక లేచి వచ్చి నా చేయి పట్టుకుని, "బాబాయ్, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాడు. నేను బయటికొచ్చి చెక్‌పోస్టు దాకా నడిచాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

నీ చెవులు బాగున్న రోజులైతే ఆ సాయంత్రమే ఫోన్ చేసి గంట మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు మనకి ఈ కాగితాలే దిక్కు కదా.

ఇక పని. పదమూడు పేజీల అగ్రిమెంటు ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. చూసుకోవడానికి రెండు వారాలు గడువు. క్రియలు నాకు పర్వాలేదు అక్కా, నామవాచకాల దగ్గరే పడిపోతున్నాను. ఒకదాని వెనక ఒకటి లారీల్లా నిలబెట్టేశారు. స్టోరీ డెవలప్‌మెంట్ టీమ్ మీటింగ్ నోట్స్ అట, ఒకే ఊపులో. ఒకచోట ఆఫ్ ఉంటుంది, ఒకచోట ఎస్ దగ్గర పైన కామా ఉంటుంది, ఇంకోచోట ఏమీ ఉండదు. ఏది ఎవరికి చెందుతుందో తెలియడం లేదు.

నాలుగో పేజీ, తొమ్మిదో పేజీ జిరాక్సులు పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో పెన్సిలుతో గీసిన వాక్యం చూడు. రైటర్స్ కన్సెంట్ లేనిదే కథలో మార్పు చేయకూడదు అని ఉన్నట్టుంది. ఆ రైటర్ని నేనే కదా? అదొక్కటే నాకు కావాలి. నువ్వు సరే అంటే సంతకం పెడతాను. మొదటి పేజీ పంపడం లేదు, అందులో పేర్లూ అడ్రసులే ఉన్నాయి.

కథేమిటో ఇప్పుడు చెప్పను. ఒక టీచరు కథ.

నీ తమ్ముడు
రవిచంద్ర


సామర్లకోట,
2023 జూన్ 18.

చిరంజీవి రవికి,

మోకాలు ఉంది. నొప్పీ ఉంది. రెండూ కలిసే మెట్లు ఎక్కుతున్నాయి.

నీ కబురు చదివి కింది వాటాలో ఉండే నవతకి పటిక బెల్లం ఇచ్చాను. ఆ పిల్ల నా దగ్గర టెన్త్ చదివింది, ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం. "మీ తమ్ముడి పేరు తెర మీద పడుతుందా టీచర్" అని పలక మీద రాసి అడిగింది. పడుతుంది అన్నాను.

నీకు నేను పాఠం చెప్పి ముప్ఫై ఏళ్ళు దాటింది. అప్పుడూ కిటికీలోంచి బయటికే చూసేవాడివి. ఇప్పుడైనా విను.

మన తెలుగులో అక్క చీర, ఇంటి తలుపు, ఆవు పాలు అంటాం. రెండు మాటలు పక్కపక్కన కూర్చోబెడితే చాలు, వాటి చుట్టరికం మనకే తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు అలా వదలరు. మూడు దారులు పెట్టుకున్నారు.

ఒకటి, ప్రాణం ఉన్నవాళ్ళ సొత్తు. టీచర్స్ చైర్. ఎస్ పెట్టి పైన కామా పెడతారు. నాన్నగారి వాచీ ఇప్పటికీ ఫాదర్స్ వాచే. మనిషి పోయినంత మాత్రాన ఈ హోదా తీసేయరు. నాకు ఇంగ్లీషులో నచ్చిన మర్యాదల్లో ఇదొకటి.

రెండోది, ప్రాణం లేనివాటికి ఆఫ్. బల్ల కాలు చెప్పాలంటే లెగ్ ఆఫ్ ద టేబుల్. ఇది గట్టి నియమమేం కాదు గాని నీకు ఇంతవరకు చాలు.

మూడోది, నీ లారీలు. కిచెన్ డోర్, బస్ టికెట్, స్టోరీ టీమ్. ఇక్కడ ఎవరూ ఎవరికీ సొంతం కారు. ముందు నిలబడ్డ మాట వెనకదానికి గుర్తు మాత్రమే. అసలు వస్తువు ఎప్పుడూ ఆఖరిది. అందుకని చివర్నించి చదువు. నోట్స్. ఏ నోట్స్, మీటింగువి. ఎవరి మీటింగు, టీముది. ఏ టీము, కథని పెంచే టీము. అయిపోయింది.

ఇక ఆ పైన కామా. ఎస్‌కి ముందు పెడితే ఒక్కరు, ఎస్ తర్వాత పెడితే చాలామంది. మా బడి బోర్డు మీద గర్ల్స్ హైస్కూల్ అని పెయింటరు ఎస్‌కి ముందు కామా పెట్టేశాడు. "అయ్యా, ఊరంతటికీ ఒక్క ఆడపిల్లకే బడి కట్టించావు" అని దింపించి మళ్ళీ రాయించాను. పలికితే రెండూ ఒకటే, చెవికి తేడా తెలియదు. కంటితోనే పట్టుకోవాలి. చెవిటిదానికి బాగా కుదిరిన వ్యాకరణం.

నీ తొమ్మిదో పేజీ చూశాను. ఎస్‌కి ముందే ఉంది. రైటర్ ఒక్కడే. అది నువ్వే. నీ సమ్మతి లేకుండా ఎవరూ వేలు పెట్టలేరు. సంతకం పెట్టు.

అక్షరాలు పెద్దవిగా వస్తున్నాయని నవ్వకు. కొత్త పెన్ను.

అక్క
నాగేశ్వరి


జూబ్లీ హిల్స్,
2023 ఆగస్టు 6.

అక్కా,

సంతకం అయింది. ఇప్పుడు రాస్తున్నది విహారి ఆఫీసులోంచి. నాకంటూ ఒక కుర్చీ ఇచ్చారు. కిటికీ అవతల పచ్చగడ్డి, దాని మీద ఎవరూ నడవరు. పొద్దున్న గేటు దగ్గర డ్రైవర్లంతా కార్లు తుడుస్తూ ఉంటారు. నేను 113 నంబరు బస్సు దిగి నడిచొస్తుంటే మొదట్లో ఎవరి ఇంట్లో పని అని అడిగేవాళ్ళు. ఇప్పుడు రైటర్ గారు అంటున్నారు.

స్టోరీ టీమ్ అని మేం ఐదుగురం. మిగతా నలుగురూ పిల్లలే. అందులో టోలిచౌకి నుంచి వచ్చే వర్ణిక అని ఒకమ్మాయి, లా చదివి సినిమా మీద మోజుతో ఇటు వచ్చింది. నా స్క్రిప్టు చదివి, "సార్, గా బడి సీను దగ్గర నాకు ఊపిరాడలేదు" అంది.

ఆ బడి సీను సంగతే నీకు చెప్పాలి. రెండు నెలలుగా దాస్తున్నాను.

అక్కా, అది నీ కథే. నువ్వు ఉద్యోగం ముందే వదిలేసి వచ్చిన ఏడాది నాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. టెన్త్ బి సెక్షను. నీకు వినపడటం లేదని పిల్లలు కనిపెట్టారు. ఆ రోజు పద్యం అప్పచెప్పమంటే క్లాసంతా లేచి నిలబడి, గొంతు పెగల్చకుండా ఉత్త పెదాలు ఆడించారు. నువ్వు తలూపుతూ, "బాగా చెప్పారు, కూర్చోండి" అన్నావు. తలుపు దగ్గర హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూశాక నీకు అర్థమైంది.

సినిమా అంతా ఆ ఒక్క సీను వైపే నడుస్తుంది. తెర మీద ఆ నిమిషంన్నర ఏ శబ్దమూ ఉండకూడదని రాశాను. హాల్లో కూర్చున్న ప్రతివాడికీ చెవులు పోవాలి. విహారి ఆ కాగితం మీద నక్షత్రం గుర్తు పెట్టాడు.

నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దంటావేమోనని భయమేసింది. నా చేతిలో ఉన్న ఒక్క మంచి కథ అది.

ఇక్కడ గోడ మీద తెల్ల బోర్డులో దాన్ని టీచర్ ట్రాక్, అంటే కథలో టీచరు పాయ, అని రాసుకున్నారు. నువ్వు చెప్పిన లారీల పద్ధతే.

రవి


సామర్లకోట,
2023 ఆగస్టు 21.

రవీ,

అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. నాలుగు రోజులు ఆలోచించుకుని ఇచ్చేదాన్ని. ఆ నాలుగు రోజులూ నువ్వు నాకు లేకుండా చేశావు.

ఒకటి తప్పు రాసుకున్నావు, దిద్దుకో. క్లాసంతా కాదు. ముందు బెంచీలో ఒక పిల్ల పెదాలు ఆడించలేదు. తల దించుకుని డెస్కు గీరుతూ నిలబడింది. ఆ పిల్లే నవత. నాకు అన్నిటికన్నా కష్టం తోచింది అక్కడే. మిగతావాళ్ళు ఆడుకున్నారు, పిల్లలు కదా. ఈ పిల్ల నన్ను చూసి జాలిపడింది.

నాకు ఒక్కటే షరతు. ఆ బడిలో పిల్లలు నవ్వారు, నిజమే, నవ్వనీ. కానీ టిక్కెట్టు కొనుక్కుని చూసేవాళ్ళు అక్కడ నవ్వకూడదు. నీ సమ్మతి లేనిదే మార్చలేరు కాబట్టి ఇది నీ చేతిలో పని. చేయి.

టీచర్ ట్రాక్ అన్నావు. అందులో అసలు మాట ట్రాక్. టీచర్ అన్నది దానికి గుర్తు మాత్రమే. చూసుకో.

అక్క


రహమత్ నగర్,
2023 నవంబరు 26.

అక్కా,

మూడు నెలలు నీకు ఉత్తరం రాయలేదు. రాయడానికి మొహం లేక.

షూటింగు మొదలైంది. టీచరు వేషానికి ఎవరిని పెట్టారో సెట్టుకి వెళ్ళేదాకా నాకు చెప్పలేదు. నవ్వించడానికి తప్ప ఎవరూ పిలవని నటి. మంచి మనిషే, నాకు నమస్కారం పెట్టి, "సీను చదివి కడుపు చెక్కలైందండీ" అంది. ఏ సీను అన్నాను. కాగితం ఇచ్చింది. పిల్లలు పద్యం బదులు టీచరుని తిడుతుంటారు. ఆవిడ వెరీ గుడ్, వెరీ గుడ్ అంటూ మార్కులు వేస్తుంటుంది. చివరికి ఒకడు "మా ఇంట్లో బర్రె ఈనింది" అంటే చప్పట్లు కొడుతుంది.

విహారి దగ్గరికి వెళ్ళాను. కుర్చీలోంచి లేచాడు, ఆ మర్యాద తప్పలేదు.

"బాబాయ్, ఆ సీను పదిమందికి చెప్పి చూశాం. తొమ్మిదిమంది నవ్వారు. జనానికి నవ్వొచ్చే చోట మనం ఏడవమంటే ఏడవరు."

"సరిగా తీస్తే ఏడుస్తారు."

"రిస్క్ తీసుకోలేను. నాన్నగారికి సమాధానం చెప్పాలి."

"నా సమ్మతి లేకుండా మార్చకూడదు. తొమ్మిదో పేజీలో ఉంది."

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తీసుకున్నాం కదా. రైటర్స్ ఐదుగురు. నలుగురు ఒప్పుకున్నారు."

అర్థం కాలేదు. బయట వరండాలో నిలబడితే వర్ణిక వచ్చింది. నా అగ్రిమెంటు తీసుకుని మొదటి పేజీ తిప్పింది. నేను నీకు పంపని పేజీ. అందులో రైటర్స్ అంటే ఎవరో రాసి ఉంది. నేనూ, స్టోరీ టీమూ కలిసి రైటర్స్ అట. తర్వాత తొమ్మిదో పేజీ తీసి వేలు పెట్టింది.

"సార్, గీ కామా చూడుండ్రి. ఎస్ తర్వాత ఉంది. ముందు ఉంటే మీరొక్కరే. గిట్ల ఉంటే అందరం. అందరిలో ఎక్కువమంది ఏది అంటే అదే నడుస్తది." కాగితాలు నా చేతిలో పెట్టి, "నేను ఒప్పుకున్నోళ్ళల్ల లేనని చెప్పను సార్. ఒప్పుకున్న. ఉద్యోగం పోతదని" అంది.

ఆ జిరాక్సు నీ దగ్గర ఉంది. చూడు. కామా ఎస్ తర్వాతే ఉంది.

అక్కా, పెయింటరు పెట్టిన ఒక్క కామా కోసం బడి బోర్డునే దింపించిన దానివి. ముప్ఫై నాలుగేళ్ళు ఎర్రసిరాతో పిల్లల తప్పులకి సున్నాలు చుట్టావు. నేను అడిగింది ఒక్క వాక్యం. పదమూడు పేజీల్లో ఒక్క వాక్యం. దానికింద పెన్సిలు గీత కూడా గీసి పంపాను. ఎలా తప్పిపోయింది? నా మీద ఆ మాత్రం శ్రద్ధ లేకపోయిందా?

నిద్రపట్టక అడుగుతున్నాను, కోపంతో కాదు. కోపం కూడా ఉంది.

రవి


సామర్లకోట,
2023 డిసెంబరు 14.

రవీ,

నీ ఉత్తరం నాకు పదకొండు కాగితాలుగా వచ్చింది. నవత పాత క్యాలెండరు చింపి, వెనక తెల్లటి వైపున లావు నల్ల స్కెచ్‌పెన్నుతో ఒక్కో కాగితానికి మూడు నాలుగు లైన్లు రాసి, ఒక్కొక్కటే నా మొహానికి పక్కగా పట్టుకుంది. ఎదురుగా పట్టుకుంటే నాకు కనిపించదు.

నా కళ్ళు పోతున్నాయి. మొదలై రెండేళ్ళయింది. చూపులో నడిమి భాగం పోయింది, పక్కలు మిగిలాయి. మనిషి వస్తే భుజాలు కనిపిస్తాయి, మొహం ఉండాల్సిన చోట మసక. కాకినాడలో డాక్టరు ఆలస్యంగా వచ్చారన్నాడు. ఏం చేసినా ఉన్నది కాపాడటమేగాని పోయింది రాదన్నాడు. ఉన్నదీ నిలవడం లేదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెవులు పోయినప్పుడు నీ గొంతు పోయింది. ఉత్తరాలు మిగిలాయి. కళ్ళు కూడా పోతున్నాయని తెలిస్తే నువ్వు ఉత్తరాలు మానేస్తావు. ఎందుకు రాయడం, చదవలేదు కదా అనుకుంటావు. నీ బుద్ధి నాకు తెలుసు. అందుకని కొత్త పెన్ను అని అబద్ధమాడాను. కాగితం మీద రూళ్ళకర్ర అడ్డం పెట్టుకుని, అది జరుపుకుంటూ ఒక్కో లైనూ రాస్తాను. కర్ర జారితే ఒకదాని మీద ఒకటి పడతాయి.

జూన్‌లో నీ జిరాక్సులు వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం డాబా మీదికి వెళ్ళి, ఎండలో భూతద్దం పెట్టి చూశాను. మోకాలి నొప్పితో మూడుసార్లు ఎక్కాను. పక్క చూపుతో చదువుతుంటే అక్షరాలు నీళ్ళలో చేపల్లా జరిగిపోతాయి. ఎస్ అక్షరం దొరికింది. దాని దగ్గర పైన ఏదో నలుసు ఉంది. ముందో తర్వాతో తెలియలేదు. నవతని పిలిచి చూపిస్తే అర నిమిషం పని. పిలవలేదు. ఇంగ్లీషు టీచరు కామా చూడలేకపోతోందని నా విద్యార్థికి అప్పట్లో తెలియకూడదనుకున్నాను. నీకు మంచి జరగాలి కాబట్టి ముందే ఉంటుందనుకున్నాను. అనుకున్నదాన్ని చూసినట్టు రాశాను.

శ్రద్ధ లేక కాదు. గర్వం ఎక్కువై.

నీ కథ పోవడానికి కారణం నేను. నా కథే కాబట్టి నాకే పోయిందని సరిపెట్టుకుందామంటే కుదరడం లేదు. నీ ఇరవై ఆరేళ్ళు దాన్లో ఉన్నాయి.

అక్క


ఫిలింనగర్,
2024 జనవరి 7.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ రోజు గది బయటికి రాలేదు. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకోలేను. మొదటి పేజీ పంపని వెధవని నేను, కళ్ళు లేని నిన్ను నిలదీశాను.

నవతా, ఇది అక్క కోసం రాసేటప్పుడు ఏమీ వదలకుండా రాయి తల్లీ. ముఖ్యంగా ఈ కిందిది.

అక్కా, నీకు ఇంకోటి చెప్పాలి. విహారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. సీను మార్చకపోతే పోనీ, కథ అని నా పేరు వేయొద్దన్నాను. అతను తల గోక్కుని, "బాబాయ్, కథ స్టోరీ టీమ్ అనే పడుతోంది. విడిగా పేర్లు లేవు" అన్నాడు. తీసేయడానికి కూడా నా పేరు అక్కడ లేదు.

వచ్చేస్తుంటే, "ఆ బడి సీను డైలాగులు ఇంకా పేలడం లేదు. పిల్లలకి రావడం లేదు. మీ చేయి పడితే బాగుంటుంది" అన్నాడు.

రాశాను. ఆ సీను డైలాగులు నేనే రాశాను అక్కా. బర్రె మాట తీసేసి ఇంకోటి పెట్టాను. వేరేవాళ్ళు రాస్తే ఇంకా నీచంగా ఉంటుందని, నేనైతే కాస్త మర్యాద మిగిలిస్తానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఇక్కడ కుర్చీ పోతే మళ్ళీ ఏ గుమ్మం ఎక్కాలో తెలియక రాశాను. అంతకన్నా పాడు సంగతి, చదివి వినిపించినప్పుడు గదిలో అందరూ నవ్వారు. విహారి బల్ల మీద చరిచి, "ఇదీ" అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఒక్క క్షణమే. కానీ వేసింది.

వర్ణిక ఒక్కతే నవ్వలేదు. మర్నాటి నుంచి రావడం మానేసింది.

ఆ సినిమా నువ్వు చూడొద్దు. ఊళ్ళో ఎవరైనా పిలిచినా వెళ్ళొద్దు. ఫిబ్రవరిలో వస్తాను. నీ ఎదురుగా కూర్చుని ఇదంతా మళ్ళీ చెప్పుకోవాలి.

రవి


సామర్లకోట,
2024 మే 30.

రవీ,

సినిమా చూశాను. చూశాను అన్నది అలవాటు మాట.

నవత వద్దంది. గుమ్మానికి చేతులు అడ్డం పెట్టి నిలబడింది. నేనే పట్టుబట్టాను. నా తమ్ముడి సినిమా మా ఊరికి వస్తే వెళ్ళకుండా ఎలా ఉంటానన్నాను. మధ్యాహ్నం ఆట. ఆదివారం కాబట్టి నిండుగా ఉన్నట్టుంది, లోపలికి వెళ్తుంటే అందరి భుజాలూ తగిలాయి. నవతతో ఒక ఒప్పందం చేసుకున్నాను. బడి సీను వచ్చినప్పుడు నా మోచేయి రెండుసార్లు నొక్కాలి.

చాలాసేపు వెలుగులు మారుతూ ఉన్నాయి. నాకు పక్కలకి రంగులు తెలుస్తాయి. పచ్చ, తర్వాత పసుపు. నీ కథ నాకు తెలుసు కాబట్టి ఏది ఎక్కడ ఉంటుందో లోపల లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

నవత నొక్కలేదు. అవసరం లేకపోయింది. కుర్చీ ఊగింది. మా వరసంతా ఒకే చట్రానికి బిగించిన కుర్చీలు, ఒకళ్ళు నవ్వితే అందరికీ తెలుస్తుంది. కాళ్ళ కింద నేల కూడా అదిరింది. నాలుగుసార్లు. మధ్యలో జనం ఊపిరి తీసుకునేంత ఖాళీ ఇచ్చి, మళ్ళీ. ఆ డైలాగులు రాసినవాడెవడో పని తెలిసినవాడు. ఎక్కడ ఆగాలో తెలుసు వాడికి. టెన్త్ బిలో ఆ రోజు నాకు నవ్వులు వినపడలేదు. ఇప్పుడూ వినపడలేదు. కానీ ఒంటికి తగిలాయి. ఇది కొత్త.

నవత నా చేయి పట్టుకుంది. తడిగా ఉంది. మేం మధ్యలో లేచి రాలేదు. అయ్యేదాకా కూర్చున్నాం.

నీ జనవరి ఉత్తరం గురించి ఒక మాట. కవరు బరువుగా ఉంది, నాలుగైదు కాగితాలు ఉండి ఉంటాయి. నవత నాకు రాసి చూపించింది మూడే క్యాలెండరు కాగితాలు. నువ్వు బాధపడుతున్నావని, సినిమా చూడొద్దని, ఫిబ్రవరిలో వస్తావని. మిగతాది వదిలేసింది. ఏం వదిలేశావని నేను అడగలేదు. ఆ పిల్ల నాకు అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

ఫిబ్రవరిలో నువ్వు వచ్చి రెండు రోజులు ఉన్నావు. రెండో రోజు సాయంత్రం, పెద్ద అక్షరాలు కూడా నాకు కనిపించని మసక వెలుతురులో, నా అరచేయి తెరిచి వేలితో రాయడం మొదలుపెట్టావు. పెద్ద సంగతే అయి ఉంటుంది. చాలాసేపు రాశావు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు రవీ. చక్కిలిగింత పెట్టినట్టే ఉంది తప్ప అక్షరం కట్టలేదు. అర్థమైనట్టు తలూపాను. నువ్వు నా చేతిమీద తల పెట్టుకుని ఏడ్చావు. క్షమించాననుకుని వెళ్ళావు. అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తున్నాను. దేన్ని క్షమించానో నాకు తెలియదు. మళ్ళీ చెప్పడానికి నీకు దారీ లేదు, తెలుసుకోవడానికి నాకూ లేదు. కాబట్టి అది అలాగే ఉండనీ.

ఇక నువ్వు రాయకు. చదవలేను. చదివి వినిపిస్తే వినలేను. నవత క్యాలెండరు అక్షరాలు కూడా ఈ నెల నుంచి పొగలా ఉన్నాయి. వచ్చి కూర్చుంటే కూర్చో. వచ్చావని నవత నా చేయి నీ మొహం మీద పెడుతుంది.

నేను మాత్రం రాస్తాను. చేతికి ఇంకా దారి తెలుసు. పెన్నులో సిరా అయిపోతే నాకు తెలియదు. నవత చూసుకోకుండా పోస్టులో వేస్తే ఎప్పుడో ఒకసారి నీకు తెల్లకాగితం వస్తుంది. వస్తే పారేయకు. రాశాననే అనుకో.

నీ అక్క